పెట్టిందెంత కాదు, తిన్నదెంత

చిన్నపిల్లల తిండి గురించి మాట వచ్చిందంటే మా వైపు అందరం పట్టుకునేది మెనూనే. అంగన్‌వాడీలో ఈపొద్దు ఏం వండినారు, గుడ్డు పెద్దదా చిన్నదా, పప్పులో నీళ్లు ఎక్కువ పోసినారా, పాలు ఇచ్చినారా లేదా. ఇవన్నీ అడగాల్సినవే, కాదనను. కానీ అది సగం ప్రశ్నే. మిగతా సగం మనలో చాలామందిమి అడగం. పళ్లెంలో పెట్టిన దాంట్లో బిడ్డ కడుపులోకి పోయింది ఎంత? ఎవరు తినిపించారు? రోజుకి ఎన్నిసార్లు? వండిన ఎంతసేపటికి?

నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. తల్లి దగ్గర లేని వేళ బిడ్డకి మంచి తిండి అందాలంటే సరుకు ఒక్కటే చాలదు, పక్కన కూర్చుని తినిపించే చెయ్యి ఒకటి కావాలి. సరుకు కోసం దేశంలో ఎందరో కొట్లాడితే చట్టాలు వచ్చాయి. ఆ చెయ్యి కోసం మాత్రం మనం గట్టిగా అడగలేదు. దాన్ని ఆడవాళ్లు ఎలాగూ చేసే పని కిందే జమకట్టి వదిలేశాం.

మా అనంతపురం సంగతి తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన, అదీ పడితే. దేశంలో వాన తక్కువ పడే జిల్లాల్లో మాదీ ఒకటని చిన్నప్పుడు బళ్లో చదువుకున్నాం. 2022 ఏప్రిల్‌లో జిల్లా రెండయి, పుట్టపర్తి కేంద్రంగా శ్రీ సత్యసాయి జిల్లా వేరుపడింది. జిల్లాలు రెండయినా బతుకు ఒకటే. ఎర్రనేల, శెనక్కాయ పంట, వాన మోసం చేస్తే బెంగళూరు బస్సు.

ఇట్లాంటి చోట తల్లి ఇంటిపట్టున ఉండి బిడ్డకి గంట గంటకీ పెట్టుకోవడం అందరికీ కుదిరేది కాదు. పొద్దున ఆరింటికే కలుపుకో, కాయ ఒలవడానికో, ఉపాధి పనికో పోవాలి. హిందూపురం వైపు అయితే గార్మెంట్స్ ఫ్యాక్టరీ, ధర్మవరం వైపు అయితే మగ్గం. బిడ్డ అవ్వ దగ్గర ఉంటుంది, లేదంటే అంగన్‌వాడీలో. మా తోడికోడలు కూడా బెంగళూరులో పనికి పోతుంది. ఆమె కొడుకుని రెండేళ్లు నిండేదాకా మా అత్తమ్మ, నేను పెంచాం. నేను ఇంట్లో ఉండేదాన్ని కాబట్టి వాడికి చెయ్యి దొరికింది. మా వీధిలో అందరికీ దొరకదు.

సరుకు విషయంలో చట్టం ఏం చెప్పిందో చూద్దాం. 1975 అక్టోబరు 2న దేశంలో 33 చోట్ల ఐసీడీఎస్ మొదలైంది. మన అంగన్‌వాడీలు దాంట్లో నుంచి వచ్చినవే. 2001లో సుప్రీంకోర్టులో తిండి హక్కు కేసు పడ్డాక, ఈ పథకం దేశంలో ప్రతి బిడ్డకీ అందాలని కోర్టు ఆదేశాలిచ్చింది. తర్వాత 2013లో ఆహార భద్రతా చట్టం వచ్చింది. అప్పుడు అందులో రాసిన లెక్క ప్రకారం ఆరు నెలల నుంచి ఆరేళ్లలోపు బిడ్డకి రోజుకి 500 క్యాలరీలు, 12 నుంచి 15 గ్రాముల ప్రోటీన్లు ఇవ్వాలి. బాగా చిక్కిపోయిన బిడ్డకి 800 క్యాలరీలు, 20 నుంచి 25 గ్రాముల ప్రోటీన్లు. మూడేళ్లు దాటిన వాళ్లకి కేంద్రంలోనే వేడి అన్నం. మూడేళ్లలోపు వాళ్లకి ఇంటికి సరుకు.

అన్నీ సరిగ్గానే ఉన్నట్టు కనపడతాయి కదా. మరి 2019–21లో జరిగిన అయిదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూడండి. ఆంధ్రప్రదేశ్‌లో అయిదేళ్లలోపు పిల్లల్లో వందకి 31 మంది వయసుకి తగ్గ ఎత్తు లేరు. ఆరు నెలల నుంచి అయిదేళ్లలోపు వాళ్లలో వందకి 63 మందికి రక్తం తక్కువ. సరుకు ఇస్తున్నా ఇట్లా ఎందుకుంది? కారణాలు చాలా ఉంటాయి. తల్లికే రక్తం లేకపోవడం, నీళ్లు బాగుండకపోవడం, మాటిమాటికీ విరేచనాలు. కానీ రోజూ మన కళ్ల ముందు కనపడే కారణం ఒకటుంది. పెట్టిన తిండి బిడ్డ కడుపులోకి పోవడం లేదు.

బిడ్డ కడుపు ఎంతో ఎప్పుడైనా లెక్క వేశారా? ఒక్కో కిలో బరువుకి సుమారు 30 మిల్లీలీటర్లు పడుతుందని డాక్టర్ల లెక్క. ఎనిమిది కిలోల బిడ్డ అనుకోండి, ఒకసారికి 240 మిల్లీలీటర్లు. టీ కొట్టు గ్లాసులు రెండింటికి కొంచెం ఎక్కువ, అంతే. ఏడాది నుంచి రెండేళ్ల మధ్య బిడ్డకి తల్లిపాలు కాకుండా తిండి ద్వారా రోజుకి 550 క్యాలరీలు అందాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. ఇప్పుడు మనం తాగించే పలుచటి రాగి అంబలి తీసుకోండి. పది వంతుల్లో ఒక వంతు పిండి, మిగతా తొమ్మిది నీళ్లు. బిడ్డ కడుపు నిండా తాగినా 80 క్యాలరీలు రావు. కడుపు నిండింది, బిడ్డ పడుకుంది, మనకి తృప్తి. ఒంటికి పట్టింది మాత్రం ఏమీ లేదు. ఆ అంబలితోనే 550 రావాలంటే ఏడుసార్లు తాగించాలి.

అదే గిన్నెని గట్టిగా చేద్దాం. రాగులు నానబెట్టి, గుడ్డలో కట్టి మొలకెత్తించి, ఎండబెట్టి, వేయించి పిండి పట్టించండి. మొలక వచ్చిన రాగిపిండి ఎక్కువ వేసినా జావ ముద్ద కట్టదు, జారుడుగా ఉంటుంది. అందుకే మన పెద్దవాళ్లు బిడ్డలకి ఆ పిండి వేరుగా పెట్టేవాళ్లు. 50 గ్రాముల పిండి, చిన్న చెంచా నూనె లేదా నెయ్యి, పెద్ద చెంచాడు శెనక్కాయ పొడి. అదే గిన్నెకి 250 క్యాలరీలు దాటుతాయి. కడుపు అంతే, గిన్నె అంతే, బలం మూడింతలు. రాగుల్లో వంద గ్రాములకి 350 మిల్లీగ్రాముల దాకా కాల్షియం ఉంటుంది. ఇంట్లో ఉన్న ధాన్యాన్ని పక్కనపెట్టి డబ్బా పిండి కొనే పని లేదు.

అన్నం పప్పుకీ ఇదే లెక్క. పప్పు గిన్నెలో పైన తేరిన తేట పోసి కలిపితే అన్నం మెత్తగా అవుతుంది, బిడ్డ సులభంగా మింగుతుంది. కానీ బలం అడుగున ఉంది. అడుగు నుంచి తీసిన గట్టి పప్పు, మెదిపిన ఆకుకూర, ఒక చెంచా నూనె. కారం పెద్దవాళ్లకి పోపు వేసేముందే బిడ్డ వాటా వేరే తీసేస్తే సరి. ఏడాది లోపు బిడ్డకి ఉప్పు, చక్కెర అక్కర్లేదు, తేనె అసలు నాకించకూడదు.

ఇంతవరకూ సరుకు సంగతి. ఇక చెయ్యి.

ఏడాదిన్నర బిడ్డ ముందు పళ్లెం పెట్టి వెళ్లిపోతే ఏమవుతుందో మీకు తెలుసు. నాలుగు మెతుకులు నోట్లో, పది మెతుకులు చాప మీద, కోడి వచ్చి మిగతాది. గంట తర్వాత పళ్లెం ఖాళీ. అవ్వ చూసి "తినేసింది" అంటుంది. అవ్వ అబద్ధం చెప్పలేదు, ఖాళీ పళ్లేన్నే చూసింది. మా అత్తమ్మ వాడికి అన్నం పెట్టేటప్పుడు చిన్న చిన్న ముద్దలు చేసి పళ్లెం చుట్టూ వరసగా పెట్టేది. ఇది కాకికి, ఇది కుక్కకి, ఇది నీకు అని కథ చెప్తూ అన్నీ వాడికే పెట్టేది. పది ముద్దలకి అరగంట పట్టేది. ఆ అరగంట ఏ రిజిస్టర్లోనూ ఎక్కదు. కానీ బిడ్డ పెరిగేది ఆ అరగంటలోనే.

"ఆకలైతే వాళ్లే తింటారులే" అంటారు కొందరు. మూడేళ్లు దాటిన, ఒళ్లు బాగున్న బిడ్డ అయితే ఒప్పుకుంటాను. బలవంతంగా ముక్కు మూసి కుక్కమని నేనూ చెప్పను, అది తిండి మీదే విరక్తి పుట్టిస్తుంది. కానీ చిక్కిపోయిన బిడ్డకి, జ్వరం వచ్చి తగ్గిన బిడ్డకి, రక్తం తక్కువైన బిడ్డకి ఆకలే సరిగ్గా వేయదు. ఆ బిడ్డ అడగదు, ఏడవదు, మూలన కూర్చుంటుంది. అందరూ "బుద్ధిమంతురాలు" అంటారు. అడగని బిడ్డకే ముందు పెట్టాలి.

ఇప్పుడు ఇంటికి ఇచ్చే సరుకు చూడండి. బాలామృతం ప్యాకెట్ రెండున్నర కిలోలు. రోజుకి వంద గ్రాములు చొప్పున ఒక్క బిడ్డకి 25 రోజులు. అందులో వేయించిన గోధుమ, శనగపప్పు, పాలపొడి, చక్కెర, నూనె ఉంటాయి, తియ్యగా ఉంటుంది. ఇంట్లో నాలుగేళ్ల అన్న, ఆరేళ్ల అక్క ఉంటే? వాళ్లు చూస్తుండగా చిన్నదానికి ఒక్కదానికే కలిపి పెట్టే అవ్వ ఎక్కడుంది? ముగ్గురు పంచుకుంటే చిన్నదానికి రోజుకి 33 గ్రాములు, లేదా ఎనిమిది రోజులకే ప్యాకెట్ ఖాళీ. దీనికి తల్లినో అవ్వనో తప్పుపట్టడం అన్యాయం. ఆకలి ఉన్న ఇంట్లో ఒకరి పేరు రాసి సరుకు ఇస్తే అది అందరి సరుకే అవుతుంది. మూడేళ్లలోపు బిడ్డకి కూడా కళ్ల ముందు కలిపి తినిపించే చోటు ఊళ్లో ఉండాలి అనేది అందుకే.

మరి ఆ చోటు అంగన్‌వాడీయే కదా అంటారు. మా వీధి కేంద్రంలో టీచరమ్మని ఒకసారి అడిగాను, చిన్నవాళ్లకి పక్కన కూర్చుని తినిపించలేరా అని. "ఎట్లక్కా? ఇరవై ఆరు మంది. ఆయమ్మ వండల్ల, కడగల్ల. నేను ఫోన్లో ఎక్కించల్ల, బరువు చూడల్ల, గర్భవతుల ఇండ్లకి పోవల్ల. ముద్దలు కలిపేది ఎప్పుడు?" అంది. నేను ఏమంటాను? రాష్ట్రమంతా అంగన్‌వాడీ అక్కలు 2023 డిసెంబరు నుంచి 42 రోజులు సమ్మె చేశారు, జీతాల కోసం. ఆ రోజుల్లో బిడ్డల తిండి ఏమైందని అందరం గోల పెట్టాం గానీ, రోజూ పెట్టే ఆ చేతులకి ఎంత ఇస్తున్నారని ఎంతమందిమి అడిగాం?

ఇక భద్రత. మా నేలలో పండేదాంతో మొదలుపెట్టాలి కాబట్టి శెనక్కాయ దగ్గర ఆగుతాను. శెనక్కాయ బిడ్డకి బంగారం. వంద గ్రాముల్లో 24, 25 గ్రాముల ప్రోటీన్లు, మంచి నూనె. చిక్కిపోయిన బిడ్డల కోసం మన హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు తయారుచేసిన 'హైదరాబాద్ మిక్స్'లో కూడా ఇదే ఉంది. వేయించిన గోధుమలు 40 గ్రాములు, శనగపప్పు 16, శెనక్కాయ గింజలు 10, బెల్లం 20. మొత్తం 86 గ్రాములకి 330 క్యాలరీలు, 11 గ్రాములకి పైగా ప్రోటీన్లు. మన వంటింట్లో అరగంట పని.

కానీ ఈ బంగారానికి రెండు ప్రమాదాలున్నాయి. ఒకటి, గొంతులో అడ్డం పడటం. అయిదేళ్లలోపు బిడ్డకి గుండు గింజ చేతికివ్వకూడదు. నవ్వుతూ, పరిగెత్తుతూ తింటే గింజ ఊపిరితిత్తుల దారిలోకి పోతుంది. గట్టి చిక్కీ ముక్క, వేయించిన శనగలు, కొబ్బరి ముక్క, ద్రాక్షపండు గుండుగా ఉన్నా అంతే. పొడి చేసి అన్నంలోనో జావలోనో కలపండి. బిడ్డ కూర్చుని ఉండగానే పెట్టండి.

రెండోది కంటికి సరిగ్గా కనపడనిది, బూజు విషం. దాన్ని అఫ్లాటాక్సిన్ అంటారు. 1960లో ఇంగ్లండులో లక్షకి పైగా సీమకోళ్లు ఉన్నట్టుండి చచ్చిపోతే, బూజు పట్టిన శెనక్కాయ పిండి మేత కారణమని కనిపెట్టారు. మన దేశంలోనే 1974లో రాజస్థాన్, గుజరాత్ పల్లెల్లో తడిసి బూజు పట్టిన మొక్కజొన్న తిని కామెర్లొచ్చి వందమందికి పైగా చనిపోయారు. కాయ ఊరే సమయంలో వాన లేక నేల ఎండిపోతే ఈ బూజు ఎక్కువ చేరుతుంది. అంటే కరువు ఏడాది మా కాయకే ముప్పు ఎక్కువ. కాయ పొట్టు తీసే ముందు గింజ పగలకుండా ఉండాలని నీళ్లు చల్లే అలవాటు కూడా బూజుకి పిలుపే. వేయిస్తే కొంత తగ్గుతుంది గానీ పూర్తిగా పోదు.

మనం చేయగలిగింది ఏరడం. ముడతలు పడ్డవి, రంగు మారినవి, పుచ్చినవి, నల్లమచ్చ ఉన్నవి, పగిలి నిలవున్నవి తీసిపారేయాలి. చేదు తగిలితే ఉమ్మేయాలి, బిడ్డ ఉమ్మేస్తే కసరకూడదు. మన ఇళ్లలో జరిగేది తలకిందులు. మంచి గింజ అంగడికి, తాలు గింజ ఇంటికి. పెద్దవాళ్లం ఊరుబిండి చేసుకుంటాం, బిడ్డకి పొడి కొడతాం. పుచ్చు గింజ పెద్దవాళ్లకీ మంచిది కాదు, ఎనిమిది కిలోల బిడ్డకి అసలే కాదు. గంపలో నుంచి బిడ్డ కోసం పిడికెడు మంచి గింజలు ముందే తీసి వేరే డబ్బాలో పోసుకుంటే ఆ ఇంటికి వచ్చే నష్టం ఎంత?

ఇక నీళ్లు. మా బోర్లు లోతుకి పోయేకొద్దీ ఫ్లోరైడ్ పెరుగుతుంది. లీటరుకి 1.5 మిల్లీగ్రాములు దాటితే పళ్లు మచ్చలు పడతాయి, ఇంకా ఎక్కువైతే ఎముకలు వంగుతాయి. 1995లో పుట్టపర్తి సత్యసాయి ట్రస్టు ఏడు వందలకి పైగా పల్లెలకి తాగే నీళ్లు తెచ్చిన పథకం ఊరికే రాలేదు, ఆ బాధ అంత ఉంది కాబట్టే వచ్చింది. చాలామంది కాచి చల్లార్చితే ఏ నీళ్లయినా మంచివే అనుకుంటారు. కాస్తే పురుగు చస్తుంది, ఫ్లోరైడ్ పోదు. నీళ్లు ఇగిరేకొద్దీ అది ఇంకా చిక్కబడుతుంది. ఇంకొకటి కూడా గమనించాను. తాగడానికి క్యాన్ నీళ్లు తెచ్చుకునే ఇళ్లలో కూడా పప్పు, జావ బోరు నీళ్లతోనే. జావ అంటే ముప్పాతిక నీళ్లే కదా! బిడ్డ జావకి, పప్పుకి తాగే నీళ్లే వాడాలి. రాగి, పాలు, ఆకుకూరలు, మా చీనీకాయ, జామ, నిమ్మరసం తినే ఒంటికి ఆ విషాన్ని తట్టుకునే బలం కొంత ఉంటుంది.

వండినది ఎంతసేపు ఉండొచ్చు? రెండు గంటలకి మించి బయట ఉంచొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మా మే నెల ఎండకి రెండు గంటలు కూడా ఎక్కువే. పొద్దున ఎనిమిదింటికి వండి మూతపెట్టిన పప్పన్నం బిడ్డకి మధ్యాహ్నం రెండింటికి పెట్టడం ఎవరికీ మంచిది కాదు. పనికి పోయే తల్లి ఏం చేయగలదు? పొడి సరుకు సిద్ధంగా పెట్టి పోగలదు. వేయించిన పిండి, ఏరిన శెనక్కాయ పొడి, బెల్లం. వేడినీళ్లు కాచి అప్పటికప్పుడు కలపడం అవ్వకి కూడా సులభం. గుడ్డు అయితే పెంకుతో ఉడికించి, తినేటప్పుడే ఒలవాలి.

పురుగుమందు డబ్బా మాట ఎత్తకుండా ఉండలేను. 2013 జులైలో బీహార్‌లోని ఛప్రా దగ్గర గండామన్ బడిలో మధ్యాహ్న భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు కలిసింది. మనది సేద్యం ఊరు. మందు డబ్బా కడిగి నూనెకో నీళ్లకో వాడే ఇళ్లు నేను చూశాను. ఎంత కడిగినా అది మందు డబ్బానే. బొక్క పొడిచి పారేయండి. పిల్లలకి వడ్డించే ముందు వండినవాళ్లు ఒక ముద్ద తిని చూడాలన్న నియమం ఉన్నది ఇందుకే. అది అనుమానం కాదు, ఆచారంగా చేసుకోవాలి.

ఇవన్నీ ఎవరు చేయాలి? ఏరడం, కాయడం, కలపడం, తినిపించడం, చేతులు కడగడం. మళ్లీ అదే ప్రశ్న, ఆ చెయ్యి ఎవరిది?

దీనికి జవాబు మా జిల్లాలోనే ఒకసారి దొరికింది. 2006 ఫిబ్రవరి 2న ఉపాధి హామీ పథకం దేశంలో మొట్టమొదట మొదలైంది నార్పల మండలం బండ్లపల్లిలో. అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ వచ్చారు. 2005 నాటి ఆ చట్టంలో ఒక మాట రాసుకున్నారు. పనిచోట ఆరేళ్లలోపు పిల్లలు అయిదుగురికి తక్కువ కాకుండా ఉంటే, వచ్చిన ఆడవాళ్లలో ఒకరిని ఆ పిల్లల్ని చూసుకోవడానికే పెట్టాలి, ఆమెకీ కూలి ఇవ్వాలి. ఎంత మంచి మాట! మట్టి తవ్వడం పనైతే బిడ్డకి అన్నం తినిపించడం కూడా పనే అని ఒక చట్టం ఒప్పుకుంది. అయితే నేను చూసిన పనిచోట్లలో బిడ్డలు చెట్టుకి కట్టిన చీర ఉయ్యాలలోనో, తల్లి కొంగు పక్కన ఎండలోనో ఉన్నారు గానీ, చూసుకునే మనిషి కూలి తీసుకుంటూ ఉండగా నేను చూసింది తక్కువ. ఆ మాట కాగితంలో ఉందని కూడా చాలామంది ఆడవాళ్లకి తెలియదు.

నేను అడిగేది ఆ మాటనే ఊళ్లోకి తెమ్మని. ప్రతి కేంద్రంలో పదకొండు నుంచి ఒంటిగంట దాకా చిన్నవాళ్లకి తినిపించడానికే ఒక మనిషి, డబ్బిచ్చి. మూడేళ్లలోపు వాళ్లకి కూడా అక్కడే చోటు. డబ్బెక్కడిదని అంటారు. గుడ్డుకి, పాలకి, ప్యాకెట్‌కి పెడుతున్న డబ్బు బిడ్డ కడుపులోకి పోకుండా చాప మీద పడుతుంటే అది నష్టం కాదా? ఆ నష్టం కంటే ఒక మనిషి కూలి ఎక్కువవుతుందా? ఇంకొందరు, అవ్వలు ఉన్నారు కదా ఊరికే వస్తారు అంటారు. ఊరికే అన్నచోటే మన ఆడవాళ్ల పని పోయింది. మోకాళ్ల నొప్పులతో ముగ్గురు మనవళ్లని సాకుతున్న అవ్వకి ఇంకా పదిమందిని ఊరికే సాకమనడం ధర్మమా?

అది వచ్చేలోగా మన చేతుల్లో ఉన్నది మనం చేసుకుందాం. మీ దగ్గరో, మీ ఇంటి అవ్వ దగ్గరో ఏడాదిన్నర, రెండేళ్ల బిడ్డ ఉంటే రోజు ఇట్లా నడవొచ్చు. పొద్దున ఏడింటికి మొలక రాగి జావ, గట్టిగా, బెల్లం, చెంచా నెయ్యి. పదింటికి అరటిపండో బొప్పాయో, లేదా ఉడికిన గుడ్డు సగం. పన్నెండున్నరకి మెత్తటి అన్నం, అడుగు పప్పు, తోటకూరో మునగాకో మెదిపి, నాలుగు చుక్కల నిమ్మరసం. నిమ్మరసం ఉంటే ఆకుకూరలోని ఇనుము ఒంటికి బాగా పడుతుంది. నాలుగింటికి అలసందలు మెత్తగా ఉడికించి మెదిపి, లేదా శెనక్కాయ పొడి కలిపిన పిండి, చీనీరసం. రాత్రికి అమ్మ వచ్చాక కొర్రన్నమో సంగటో, కూరతో. రెండేళ్లదాకా తల్లిపాలు ఎప్పుడు దొరికితే అప్పుడు. టీలో ముంచిన బన్ను మాత్రం వద్దు. టీ ఆ ఇనుముని ఒంటికి పట్టనివ్వదు, బన్ను ఆకలిని చంపుతుంది. అయిదు రూపాయల ప్యాకెట్ కూడా అంతే, అన్నం వేళకి కడుపు నిండిందనిపిస్తుంది. మా తోడికోడలు కొడుకుకి మేము పెట్టింది ఇదే, ఇందులో కొనుక్కొచ్చిన డబ్బా తిండి ఒక్కటీ లేదు.

కేంద్రానికి బిడ్డని పంపే అమ్మలు ఇంకొక పని చేయొచ్చు. కేంద్రం కమిటీలో తల్లులకి చోటుంది, సంతకానికి పిలిచినప్పుడే కాకుండా అన్నం వేళకి పోండి. టీచరమ్మని నిలదీయడానికి కాదు, ఆమెకి సాయంగా. ఒకరోజు ఒక అమ్మ, ఒకరోజు ఇంకొక అమ్మ, వారానికి ఒక్క గంట. ఇది జీతమిచ్చే మనిషికి బదులు కాదు, ఆ మనిషి వచ్చేదాకా మాత్రమే. చిన్నవాళ్లు ఎంత తింటున్నారో కళ్లారా చూసిన పదిమంది తల్లులు గ్రామసభలో లేచి నిలబడి, మాకు తినిపించే మనిషి కావాలి అంటే, ఆ మాటకి బరువుంటుంది.

సాయంత్రం పని నుంచి ఇంటికొచ్చిన తల్లి అవ్వని అడిగే మాట కూడా మార్చుకుందాం. "బిడ్డకి పెట్టినావా?" అని కాదు. "ఎన్ని ముద్దలు తినింది?" అని. ఆ ఒక్క మాటకి జవాబు చెప్పాలంటే అవ్వ రేపు పక్కన కూర్చోవాలి. టీచరమ్మని అడిగితే ఆమె పైవాళ్లని ఒక మనిషి కోసం అడగాల్సి వస్తుంది. అట్లా అడిగించడమే మన పని.